పీణ్యలో చిన్న మెషిన్ షాపు: 90 రోజులు దాటేలోపు ఏం చేయాలి?

బెంగళూరు పీణ్యలో రెండు వీఎంసీలు (లోహాన్ని కోసి మలిచే కంప్యూటర్ మెషిన్లు) ఉన్న జాబ్‌వర్క్ యూనిట్ మాది, అంటే వేరే కంపెనీలిచ్చే డ్రాయింగుల ప్రకారం పని చేసిస్తాం. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా ప్రభుత్వ నమోదు) ఉంది. పనిలో సగానికి పైగా ఒకే కంపెనీది. వాళ్ల దగ్గర 18 లక్షలు 140 రోజులుగా ఆగిపోయాయి. రాని డబ్బుకి జీఎస్టీ మాత్రం ఎప్పుడో కట్టేశాం. టర్మ్ లోన్ వాయిదా 52 రోజులు దాటింది, అంటే ఎస్ఎంఏ-1 (మొండి బాకీ కాకముందు బ్యాంకు పెట్టే హెచ్చరిక దశ). 90 దాటితే ఎన్‌పీఏ (మొండి బాకీ), ఇక కొత్త అప్పు పుట్టదు.

మొదటి దారి: బాకీ వసూలు. చిన్న పరిశ్రమల కోసం తెచ్చిన 2006 నాటి ఎంఎస్‌ఎంఈడీ చట్టం ప్రకారం, ఒప్పందంలో ఎంత గడువు రాసుకున్నా కొన్నవాళ్లు 45 రోజుల్లో కట్టాలి. లేకపోతే ఆర్‌బీఐ ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడు రెట్లు, నెలనెలా చక్రవడ్డీ. కాగితం మీద బ్రహ్మాండంగానే ఉంది. ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి (ఈ బకాయిల ఫిర్యాదులు వినే ప్రభుత్వ మండలి) వెళ్లిన మర్నాడే ఆ కంపెనీ నుంచి డ్రాయింగులు, అంటే కొత్త పని, రావడం ఆగితే? ముందు లాయర్ నోటీసు, బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ లెటర్‌తో (ఇంత బాకీ ఉన్నామని వాళ్లు ఒప్పుకునే ఉత్తరం) సరిపెట్టినవాళ్లున్నారా? ఆ లెటర్ మీద వాళ్ల అకౌంట్స్‌వాళ్ల సంతకం, ముద్ర పడటమే గగనంగా ఉంది.

రెండో దారి: పాత వీఎంసీ అమ్మడం. అది బ్యాంకు హైపోథికేషన్‌లో (మన దగ్గరే ఉన్నా అప్పుకి తాకట్టుగా) ఉంది, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) లేకుండా కదల్చలేం. అమ్మితే స్పిండిల్ గంటలు (మెషిన్ నడిచి పని చేసే గంటలు) సగమైపోతాయి, షెడ్డు అద్దె మాత్రం తగ్గదు.

మూడోది, యూనిట్ మూసి ప్రొడక్షన్ మేనేజర్ ఉద్యోగంలో చేరడం. ప్రొప్రైటర్‌షిప్ (ఒక్క యజమాని సొంత వ్యాపారం) కాబట్టి మూసినా అప్పు మన మెడకే.

ఇవి కాక బ్యాంకుని రీస్ట్రక్చరింగ్ (లోన్ వాయిదాలు, గడువు మార్చడం) అడిగినవాళ్లు దయచేసి చెప్పండి: ఎస్ఎంఏ-1లోనే దరఖాస్తు ఇచ్చారా? క్యాష్‌ఫ్లో (రాబోయే రాబడి, ఖర్చుల అంచనా) ఎన్ని నెలలకి చూపించారు? అదనపు తాకట్టు అడిగారా?