ఆల్టో గేర్‌బాక్స్ ఇంటికాడే దించొచ్చా?

కావలి కుర్రోడు:
అన్నలూ నాది 2014 ఆల్టో 800, కొన్నాళ్ళ నుంచి ముందరివైపు గర్రుమని మోత వస్తా ఉంది. మెకానిక్ దగ్గరికి పోతే బానెట్ కూడా ఎత్తకుండా క్లచ్ సెట్ పోయింది గేర్‌బాక్స్ దించాల అన్నాడు, లేబరుకి చెప్పిన రేటు వింటే ఆ డబ్బుకి పానాల సెట్టే కొనుక్కోవచ్చు అనిపించింది. ఇంటి ముందర ఖాళీ స్థలం ఉంది, బైకు పని నేనే చేసుకుంటా, జాకీ ఒకటి ఉంది. ఆదివారం మా బావమరిదిని తోడు పెట్టుకుని దించేద్దామా అని, అయ్యే పనేనా?

డీజిల్ బాబాయ్, ఒంగోలు:
అయ్యే పనే అబ్బాయ్, కానీ ముందు మోత ఎప్పుడొస్తుందో చూడు. స్టార్ట్ చేసి న్యూట్రల్లో పెట్టు. క్లచ్ తొక్కితే మోత వచ్చి వదిలితే పోతుంటే అది రిలీజ్ బేరింగు, అంటే తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కే బేరింగు. వదిలినప్పుడు ఉండి తొక్కితే ఆగిపోతుంటే గేర్‌బాక్స్ లోపల ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్‌బాక్స్ లోపలికి పోయే కడ్డీ) బేరింగు మీద అనుమానం, అప్పుడు క్లచ్ సెట్ ఎన్నిసార్లు మార్చినా డబ్బులు దండగ.

సింగరాయకొండ:
ఒక్క జాకీతో బండి కిందికి దూరతావా సామీ?? జాకీ ఎత్తడానికే, నిలబెట్టడానికి స్టాండ్లు రెండు కావాల. ఇటుకలూ సిమెంటు బ్లాకులూ వద్దు, అవి చెప్పి పగలవు. మన వైపు ఇసక నేల గదా, స్టాండు దిగబడుద్ది, కింద మందపాటి చెక్క వెయ్యి. చీమకుర్తి ముక్క ఉందిగదా అని పాలిష్ గ్రానైట్ వేసేవు, జారుద్ది.

పాత మారుతి, గూడూరు:
వరస చెప్తా. బ్యాటరీ నెగటివ్ తీసెయ్, గేర్ ఆయిల్ మొత్తం దించెయ్, అది దించకుండా యాక్సిల్ లాగావంటే స్నానమే. తర్వాత చక్రాలు, చక్రాన్ని కింద పట్టుకునే లోయర్ ఆర్మ్ బాల్ జాయింట్ వదులు చేసుకుని యాక్సిళ్ళు రెండూ, క్లచ్ కేబులు, గేరు కేబుళ్ళు, రివర్స్ లైటు వైరు, సెల్ఫ్ మోటరు, ఇవన్నీ విప్పేటప్పుడే ఫోన్లో ఫొటోలు తీసుకో, బోల్టులు ఏది ఎక్కడిదో అట్టముక్కకి గుచ్చి పెట్టుకో, పొడుగు తేడాలుంటాయి. ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే మౌంటింగ్ విప్పే ముందు ఇంజన్ కింద చెక్క పెట్టి రెండో జాకీ ఆనించు, మర్చిపోతే ఇంజన్ ఒక పక్కకి ఒరిగిపోద్ది. గేర్‌బాక్స్ ఇంజన్ నుంచి తిన్నగా పక్కకి లాగాల, సగం వచ్చాక షాఫ్ట్ మీద వేలాడనిచ్చావంటే కొత్త క్లచ్ ప్లేటైనా వంగుద్ది. ఎట్టాగూ దించావు గాబట్టి యాక్సిల్ సీళ్ళు, క్రాంక్ వెనక సీలు కారతా ఉంటే అదీ మార్చెయ్, మళ్ళీ ఇంత పని ఎవడు చేస్తాడు. ఎక్కించేటప్పుడు క్లచ్ ప్లేటు సెంటర్ చేసే టూల్ లేకపోతే షాఫ్ట్ దూరక చుక్కలు కనపడతాయి, ప్రెషర్ ప్లేటు బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించు.

కావలి కుర్రోడు:
బాబాయ్ చెప్పినట్టు చూశా. వదిలితే మోత, తొక్కితే సైలెంటు!! అంటే క్లచ్ కాదా?

డీజిల్ బాబాయ్, ఒంగోలు:
లోపలి బేరింగే అయ్యుంటది. ఆయిల్ దించినప్పుడు చూడు, ప్లగ్గుకి నల్లటి పేస్టులాంటి సన్న పొడి అంటుకుంటే మామూలే, ఇనప పెచ్చులు వస్తే మాత్రం లోపల దెబ్బతిన్నట్టే. దించడం నువ్వు దించు, విప్పడం వద్దు, బేరింగు ఊడదీసి ఎక్కించడానికి ప్రెస్ (గట్టిగా నొక్కే మిషను) కావాల. పెట్టెని ఆటోలో వేసుకుని గేర్‌బాక్స్ పనోళ్ళకిచ్చి బేరింగు వేయించుకో, బిల్లు చూపించమను.

కావలి కుర్రోడు:
సరే బాబాయ్, స్టాండ్లు కొనేదాకా బండి కదిలించను.