మిల్లు షెడ్డులో మూలపడ్డ షెవర్లే పికప్: హాట్ రాడ్ చేయాలంటే ముందు దేని మీద చెయ్యి వేయాలి?

గట్టురోడ్డు:
అందరికీ నమస్కారమండి. పాలకొల్లు దగ్గర మూతపడ్డ రైసుమిల్లు షెడ్డులో ఏళ్ల తరబడి ఊక కింద నానిన షెవర్లే 3100 అరటన్ను పికప్ ఇది. ముందు అద్దం రెండు ముక్కలు, తలుపు అద్దం పక్కన తిప్పుకునే చిన్న అద్దం ఉంది, తలుపు పిడి కిందికి తిప్పేది, బటన్ కాదు. ఇంజన్ 216 (ఘనపు అంగుళాల లెక్క), ఆరు సిలిండర్లు, పట్టేసింది. క్యాబిన్ వెనక మూలలు రెండూ కింద జానెడు మేర తుప్పుకి పోయాయి. డ్రైవర్ కాళ్ల దగ్గర అరచెయ్యి పట్టేంత చిల్లు. చాసిస్ పైకి గట్టిగానే ఉంది. టైర్లు 6.00-16, కొత్తగా కనిపిస్తున్నాయి. పాత ఆర్సీ పుస్తకం ఉంది గానీ అమ్మినాయన పేరు మీదే.

దీన్ని హాట్ రాడ్, అంటే జోరు పెంచి రూపు మార్చిన పాత బండి, చేయాలని ఆశ. అనుకున్నది ఇదీ: బండి నాలుగంగుళాలు కిందికి దించడం, కొత్త పెట్రోల్ ఇంజన్, అయిదు గేర్లు, ముందు డిస్కులు, 12 వోల్టులు, మెరుపు లేని నలుపు. ఇంజన్ ఒకటి బేరానికి కుదిరింది, వచ్చే వారం అడ్వాన్సు ఇవ్వాలి. పని ఏ వరసలో చేస్తే డబ్బు రెండుసార్లు పెట్టకుండా బయటపడతాను?

ఆరుసిలిండర్లు:
అడ్వాన్సు ఆపండి. ఈ పనిలో ఇంజన్ కొనడం అయిదో మెట్టు, మీరు దాంతోనే మొదలెడుతున్నారు.

ముందు ఏడాది తేల్చుకోండి. తిప్పుడు అద్దం 1951లో వచ్చింది, బటన్ పిడి 1952లో. కాబట్టి మీది 1951. ఏడాదితో పనేమిటంటే బ్రేకులు: 1950 దాకా హక్ రకం, 1951 నుంచి బెండిక్స్ రకం. ఒకదాని షూలు ఇంకోదానికి పట్టవు. మనకి బొంబాయి శివ్‌రీలో జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీ 1928 నుంచి 1954 దాకా నడిచింది, కుడిచేతి స్టీరింగ్ బళ్లు అక్కడ బిగించేవారు. అమెరికా నుంచి తెప్పించే స్టీరింగ్, పెడల్ సామాన్లన్నీ ఎడమచేతి బళ్లవి. ఆర్డరు పెట్టే ముందు అది గుర్తుంచుకోండి.

తర్వాత కాగితాలు. 2021లో వచ్చిన వింటేజ్ రూల్స్ ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ అయ్యి 50 ఏళ్లు దాటి, సొంతానికి వాడుకునే బండికి ‘వీఏ’ సిరీస్ నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్‌కి ఫీజు 20,000, పదేళ్లు చెల్లుతుంది. కానీ చాసిస్, బాడీ, ఇంజన్‌లలో చెప్పుకోదగ్గ మార్పు ఉండకూడదు, రోజువారీ తిప్పుకోడానికీ వీల్లేదు. హాట్ రాడ్, వీఏ నంబరు ఒకే ఒరలో ఇమడవు. మీ ఆర్సీలో ‘గూడ్స్’ అని రాసుంటే అది ఇంకో ముడి. పుస్తకం పట్టుకెళ్లి ఆర్టీవో ఆఫీసులో అడిగి తేల్చుకోండి. పాత పుస్తకం వివరాలు కంప్యూటర్లోకి ఎక్కి, మీ పేరు మారేదాకా బోల్టు కూడా విప్పొద్దు.

మామూలు రిజిస్ట్రేషన్‌తో మార్పులు చేద్దామన్నా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. తయారీదారు ఇచ్చిన వివరాలకీ బండికీ తేడా రాకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే తేల్చింది. అనుమతి లేని మార్పుకి 182ఏ(4) కింద ఆరు నెలల వరకు జైలు, లేదా మార్పుకి 5,000 జరిమానా, లేదా రెండూ. చాసిస్ కోయడం, నోచ్ (బండి దించడానికి చాసిస్ కడ్డీలో కోసే గుంట) పెట్టడం మాటే తలపెట్టకండి. ఇంజన్ మార్చాలంటే ముందే దరఖాస్తు, కొత్త ఇంజన్ నంబరు చూపించే బిల్లు చేతిలో ఉండాలి. బిల్లు లేని ఇంజన్ ఎంత చవకైనా అది తుక్కే.

ఇంకోటి. తలుపు స్తంభం మీద రెండు రివెట్లతో కొట్టిన చిన్న రేకు ప్లేటు ఉంటుంది, బండి సీరియల్ నంబరు దాని మీదే. టింకరింగ్ కుర్రాడు తుప్పు రేకుతో పాటు దాన్ని కూడా కోసి పడేస్తే మీ బండికి ఊరూ పేరూ ఉండదు. ఇవాళే ఫోటో తీసి, ప్లేటు మీద టేపు వేయండి.

లేతుబాబ్జీ:
పై ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఇంజన్ దగ్గర నా మాట వేరు: 216నే ఉంచుకోండి, నంబరు మారదు, కాగితాల గొడవ సగం పోతుంది.

పట్టేసిన ఇంజన్‌ని గేర్లో పెట్టి ట్రాక్టరు కట్టి లాగకండి. మన వైపు అందరూ చేసే మొదటి పని అదే. వాల్వులు గైడుల్లో తుప్పుపట్టి ఉంటాయి, లాగేసరికి పుష్ రాడ్లు వంగుతాయి, రింగుల గాడులు విరుగుతాయి. ప్లగ్గులు తీసి ఒక్కో సిలిండర్లో 50 మిల్లీలీటర్ల ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్)–అసిటోన్ సగం సగం కలిపి పోయండి. అసిటోన్ ఎగిరిపోతుంది కాబట్టి రెండ్రోజులకోసారి మళ్లీ పోస్తూ వారం ఆగండి. ఈలోపు రాకర్లు విప్పి ఒక్కో వాల్వు మీద కర్రసుత్తితో మెల్లిగా తట్టి చూడండి, కిందికి వెళ్లి పైకి రావాలి. అప్పుడు ఫ్లైవీల్ పళ్ల మీద బారు వేసి ముందుకీ వెనక్కీ ఊపండి. అంగుళం కదిలిందంటే వస్తుంది.

కదిలాక సంపు (ఇంజన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) విప్పడం తప్పనిసరి. ఈ ఇంజన్లో రాడ్ బేరింగులకి ఆయిల్ ప్రెషర్‌తో వెళ్లదు. రాడ్ క్యాపు అడుగున చెంచా లాంటి డిప్పర్ ఉంటుంది, అది సంపులో తొట్టెల్లోంచి ఆయిల్ తోడుకుంటుంది. ఏళ్లనాటి బురద ఆ తొట్టెల్లో గారె పిండిలా గట్టిపడి ఉంటుంది. కడక్కుండా స్టార్ట్ చేస్తే పది నిమిషాల్లో రాడ్లు కొట్టుకోవడం మొదలవుతుంది. క్యాపులు విప్పేటప్పుడు నంబర్లు, డిప్పర్ ఎటు చూస్తుందో గుర్తులు పెట్టుకోండి. తిరగేసి బిగిస్తే ఆయిల్ అందదు.

బేరింగులు షెల్ రకం కావు, రాడ్లోనే పోసిన వైట్ మెటల్. మామూలు ఇంజన్ షాపులో ఈ పని తెలియదు. పాత మిల్లుల ఆయిల్ ఇంజన్లకి వైట్ మెటల్ పోసిన లేత్ మేస్త్రీల్ని వెతకండి. క్లియరెన్స్ ఒకటిన్నర నుంచి రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతు), షిమ్ములతో (పల్చటి రేకు ముక్కలతో) సరిచెయ్యాలి. ప్రెషర్ గేజీ 14 పీఎస్ఐ దగ్గర ఆగిపోతే కంగారుపడకండి, దీనికి అంతే. గేజీ మీద అంకెలే 30 దాకా.

ఇక జోరు. వెనక పళ్ల నిష్పత్తి 4.11, ఆ టైర్లతో 80 కిలోమీటర్ల వేగంలో ఇంజన్ 2,450 చుట్లు తిరుగుతుంది, 100కి 3,000 దాటుతుంది. డిప్పర్ల ఇంజన్ని అక్కడ గంటల తరబడి ఉంచితే మెటల్ కరుగుతుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డుని రెండుగా చీల్చి మూడేసి సిలిండర్లకి ఒక గొట్టం వేస్తే ఆరు సిలిండర్ల అసలు గొంతు వస్తుంది, అది చాలు. ఇంకా జోరు కావాలంటే 1954 నుంచి ట్రక్కుల్లో వచ్చిన ఫుల్ ప్రెషర్ 235 ఇంజన్ ఉంది, దాదాపు అదే చోట కూర్చుంటుంది. 1954 తర్వాతి వాటి నీళ్ల పంపు పొడుగు, ఫ్యాను రేడియేటర్‌ని కొడుతుంది. వాటికి అడాప్టర్ ప్లేటు వేసి 216 పంపే పెట్టాలి.

గట్టురోడ్డు:
అడ్వాన్సు ఆపేశానండి. కానీ ఆర్టీవో ఒప్పుకుంటే కొత్త ఇంజనే పెట్టాలని ఉంది. పాత షాఫ్టు, హౌసింగ్ (వెనక ఇరుసు) అలాగే ఉంచి గేర్‌బాక్స్ దగ్గర కలిపేస్తే సరిపోదా?

ఆరుసిలిండర్లు:
సరిపోదండి. కింద పడుకుని చూడండి, మీ షాఫ్టు బయటికి కనపడదు, లావాటి గొట్టంలో ఉంటుంది. దాన్ని టార్క్ ట్యూబ్ అంటారు. గేర్‌బాక్స్ వెనక ఇత్తడి గిన్నె లాంటి బంతి కీలు ఉంటుంది, చక్రాల తోపుడంతా ఆ గొట్టం మీదుగా అక్కడికి వస్తుంది. కొత్త గేర్‌బాక్స్‌కి ఆ కీలు ఉండదు. అంటే గేర్‌బాక్స్ మార్చితే హౌసింగ్ కూడా మార్చాలి, రెండు క్రాసులున్న (మడత కీళ్లున్న) మామూలు షాఫ్టు కొత్తగా చేయించాలి. ఇంజన్ ఖర్చు లెక్కేసిన వాళ్లు ఇక్కడే చతికిలబడతారు.

హౌసింగ్ ఎంచుకునేటప్పుడు బోల్టుల లెక్క చూడండి. మీ చక్రానికి ఆరు బోల్టులు, 139.7 మిల్లీమీటర్ల పీసీడీ (బోల్టులు కూర్చునే వలయం వ్యాసం). బొలెరో హౌసింగ్ కమాను కట్టల (ఆకుల స్ప్రింగుల) మీద కూర్చునేదే, తేలిగ్గా దొరుకుతుంది, కానీ దానికి అయిదు బోల్టులు. ముందు ఆరు, వెనక అయిదు అయితే స్టెప్నీ రెండు మోయాలి. ఇసుజు డీ-మ్యాక్స్‌ది ఆరు బోల్టులు, అదే 139.7, వెనక కమాన్లే. అదే నయం, వెడల్పు సరిపోతే.

కొత్త షాఫ్టు కోణాలు: గేర్‌బాక్స్ తోక ఎన్ని డిగ్రీలు దిగువకి వాలిందో, పినియన్ ముక్కు (హౌసింగ్‌కి షాఫ్టు కలిసే చోటు) అన్నే డిగ్రీలు ఎగువకి ఉండాలి. ఒక్కో క్రాస్ దగ్గర ఒకటి నుంచి మూడు డిగ్రీలు. సున్నా పెడితే క్రాస్‌లో సూదులు ఒకేచోట నిలిచి గుంటలు పడతాయి. బండి బరువంతా చక్రాల మీద ఉండగా కొలవాలి, జాకీ మీద కాదు.

ఉప్పుగాలి:
ఇంజన్ గురించి అందరూ చెప్పారు, తుప్పు గురించి ఎవరూ సరిగ్గా అడగలేదు. ఊక కింద ఉన్న బండి అంటున్నారు. ఊక తేమని పట్టి ఉంచుతుంది. చాసిస్ పైకి గట్టిగా ఉండటం కాదు, ‘సి’ ఆకారపు కడ్డీ లోపలి అంచు, కమాను బ్రాకెట్ల వెనక, క్యాబిన్ ముందు కాళ్లు కూర్చునే చోటు చూడాలి. చిన్న సుత్తితో తట్టుకుంటూ వెళ్లండి. ఖంగుమంటే రేకు ఉంది, మొద్దుగా పలికితే పొరలు లేచాయి.

ప్రెషర్ వాష్ చేయించేటప్పుడు నీళ్లు రుచి చూడండి, నవ్వులాటకి కాదు. నరసాపురం, మొగల్తూరు వైపు బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పన. ఆ నీళ్లతో కడిగి ప్రైమర్ కొడితే ఉప్పు లోపలే ఉండిపోయి ఏడాదిలో రంగు కింద బుడగలు లేస్తాయి. కాలువ నీళ్లు వాడండి, కాలువలు కట్టేసే వేసవిలో అయితే ట్యాంకరు మంచినీళ్లు.

ఇసుక బ్లాస్టింగ్ చాసిస్‌కి, హౌసింగ్‌కి మాత్రమే. బానెట్, పైకప్పు, తలుపులకి చేయిస్తే వేడికి, దెబ్బకి రేకు అలలు అలలుగా సాగుతుంది, మళ్లీ సాపు కాదు. వాటికి పెయింట్ రిమూవర్, వైర్ బ్రష్. బ్లాస్టింగ్‌కి గోదారి ఇసుక వాడతామంటే ఒప్పుకోకండి, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్ని తినేస్తుంది. గార్నెట్ రాతి పొడి అడగండి.

చిన్న సామాన్లకి డ్రమ్ము నీళ్లలో కరెంటుతో తుప్పు వదిలించే పద్ధతి చాలు: 20 లీటర్ల నీళ్లకి 100 గ్రాముల చాకలి సోడా, బ్యాటరీ చార్జర్ నెగిటివ్ సామానుకి, పాజిటివ్ ఇనప కడ్డీకి. స్టెయిన్‌లెస్ కడ్డీ పెట్టొద్దు, నీళ్లు విషమవుతాయి. ఆరుబయటే చెయ్యాలి, హైడ్రోజన్ వస్తుంది.

క్యాబిన్ మూలలు కోసేముందు తలుపులు బిగించి, లోపల అడ్డంగా గొట్టాలు వెల్డు చేసి బిగదీయండి. లేకపోతే మూల కోయగానే క్యాబిన్ సర్దుకుంటుంది, తలుపు జన్మలో పడదు. ఒక మూల పూర్తయ్యాకే రెండోది. తేమ 85 శాతం దాటిన రోజు ప్రైమర్ కొట్టొద్దు. మన దగ్గర జనవరి నుంచి మార్చి దాకా, మంచు విడిచాక, పది గంటల తర్వాత మంచిది. ఆ మెరుపు లేని నలుపు కూడా ప్రైమర్ తోనే వదిలెయ్యకండి. చాలా ప్రైమర్లు నీళ్లు పీలుస్తాయి, పైన మ్యాట్ క్లియర్ (మెరుపు లేని, రంగు లేని పూత) ఉండాలి.

ఆరుసిలిండర్లు:
మిగిలినవి గబగబా చెప్పేస్తాను.

ఆ కొత్త టైర్ల పక్కన రాసింది చదవండి. 6.00-16 పక్కన ‘ఏ8’ అని ఉంటే అవి 40 కిలోమీటర్ల వేగానికి చేసినవి, ట్రాక్టరు ముందువి. హైవే ఎక్కొద్దు. అదే కొలతలో జీపు టైర్లు దొరుకుతాయి.

బ్రేకు మాస్టర్ సిలిండర్ ఫ్లోర్ కింద ఉంది, ఒకే సర్క్యూట్. ఎక్కడ పైపు పగిలినా నాలుగు చక్రాలూ పోతాయి. ముందు దీన్ని రెండు సర్క్యూట్లది చేయండి. ముందు డిస్కులు పెడితే, సిలిండర్ కాలిపర్ల కంటే దిగువన ఉంటుంది కాబట్టి ఆయిల్ వెనక్కి జారిపోయి మొదటి తొక్కు ఉత్తిదవుతుంది. డిస్కుల లైన్లో 2 పీఎస్ఐ, డ్రమ్ముల లైన్లో 10 పీఎస్ఐ రెసిడ్యువల్ వాల్వు (లైన్లో కాస్త ఒత్తిడి నిలిపి ఉంచేది) వేయాలి.

పెట్రోల్ ట్యాంకు మీ సీటు వెనకే, క్యాబిన్ లోపల. పాత రబ్బరు, కార్కు వాషర్లు ఇప్పటి ఇథనాల్ పెట్రోల్‌కి ఆగవు. అన్నీ విటాన్ (పెట్రోల్‌కి ఆగే సింథటిక్ రబ్బరు) రకం వేయండి.

నాలుగంగుళాలు దించడం మానండి, రెండు చాలు. కమాను కట్టలోంచి ఆకులు తీసేస్తే బండి దిగుతుంది గానీ బంప్ రబ్బరుకి కొట్టుకుంటుంది. కాలువగట్టు రోడ్ల మీద స్పీడ్ బ్రేకరు దగ్గర సంపు తగిలితే ఆ డిప్పర్ తొట్టెలే ముందు నలుగుతాయి. ఆకుల చివరి కన్ను తిరగేయిస్తే అంగుళంన్నర దాకా వస్తుంది, కట్ట బలం తగ్గదు.

ఏ హౌసింగ్ కొనాలన్నా ముందు ఇది కొలవండి: రెండు వైపులా చక్రాలు విప్పి డ్రమ్ము ముఖానికి బద్ద ఆన్చి, బద్ద నుంచి బద్దకి ఎంతో రాసుకోండి. తర్వాత మేస్త్రీ గుండు దారం వెనక మడ్‌గార్డు పెదవి నుంచి వేలాడదీసి, దారం నుంచి డ్రమ్ము ముఖానికి ఎంతో చూడండి. రెండు వైపులా ఆ అంకె ఒకటే రాకపోతే బాడీ పక్కకి జరిగి కూర్చుంది, ముందు అది సరిచేసి మళ్లీ కొలవాలి. ఆ రెండు అంకెలు ఇక్కడ రాయండి, ఏ హౌసింగ్ పడుతుందో చెబుతాం.