నాన్న డిసేబిలిటీ పెన్షన్ అప్పీల్ కొట్టేశారు, నేరుగా కోర్టుకు వెళ్లొచ్చా?

అల్వాల్ అమ్మాయి:
పొద్దున్నుంచీ ఈ కాగితాలతోనే కూర్చున్నాను, తల తిరిగిపోతోంది. నాన్న ఆర్మీలో హవల్దార్‌గా రిటైరయ్యారు. బీపీకి డిసేబిలిటీ పెన్షన్ అడిగితే లేదన్నారు. అప్పీల్ పెడితే అదీ కొట్టేశారు. 'సర్వీసు వల్ల వచ్చింది కాదు, సర్వీసు వల్ల ముదిరిందీ కాదు', అంతే, ఒక్క లైను. చేరినప్పుడు ఆయనకు ఏ జబ్బూ లేదు! హైదరాబాద్‌లో కేసు ఎక్కడ వేయాలి?

మాజీ నాయక్:
డిసేబిలిటీ ఎంత శాతం? ఎప్పుడు రిటైర్? అది మొదటి అప్పీలా, రెండోదా? ఇవి చెప్పకుండా ఎవరూ ఏమీ చెప్పలేరు.

సుబేదార్ సాబ్, తిరుమలగిరి:
అమ్మా, రౌండింగ్, అంటే డిసేబిలిటీ శాతాన్ని పైకి పెంచి లెక్కగట్టడం, అడగడం మాత్రం మర్చిపోవద్దు. 2014 డిసెంబర్‌లో రామ్ అవతార్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది, సర్వీసు పూర్తి చేసుకుని వచ్చినవాళ్లకూ వర్తిస్తుందని. 20 నుంచి 49 శాతం దాకా ఉంటే 50గా లెక్కగడతారు. మనవాళ్లలో ఎంతమందికి ఇది తెలియదో! నేను ప్రతి మీటింగ్‌లోనూ చెబుతూనే ఉన్నాను.

మాజీ నాయక్:
సార్, ముందు ఆ పెన్షన్ రానివ్వండి.

బోయిన్‌పల్లి:
ఇప్పుడు దాన్ని పెన్షన్ అనరు కదా, ఇంపెయిర్‌మెంట్ రిలీఫ్ అంటున్నారు.

సుబేదార్ సాబ్, తిరుమలగిరి:
అది 2023 సెప్టెంబర్ 21 తర్వాత బయటికొచ్చినవాళ్లకండీ. పాతవాళ్లకు డిసేబిలిటీ ఎలిమెంటే, అంటే పెన్షన్లో వైకల్యానికిచ్చే భాగం. ఈ పేర్లు కలిపేసి పిల్లను కంగారు పెట్టకండి.

అల్వాల్ అమ్మాయి:
2016లో వచ్చేశారు. మెడికల్ బోర్డు 30 శాతం, జీవితాంతం అని రాసింది. అప్పట్లో లేదంటే నాన్న ఊరుకున్నారు, మాకెవరికీ చెప్పలేదు. నిరుడు నేనే అప్పీల్ పెట్టించాను. అది మొదటిదే. జవాబొచ్చి నాలుగు నెలలైంది.

మాజీ నాయక్:
ఇది ముందే చెప్పాల్సింది. ఆ జవాబు తేదీ నుంచి ఆరు నెలల్లోపు రెండో అప్పీల్ వేయండి. దానికి ఆరు నెలల్లో జవాబు రాకపోయినా సైనికుల కేసులు వినే ఆర్మ్‌డ్ ఫోర్సెస్ ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. మనం దాని చెన్నై బెంచ్ కిందికి వస్తాం. బోర్డు ప్రొసీడింగ్స్ మొత్తం కాపీ లేకపోతే ఆర్టీఐలో తెప్పించండి. చేరినప్పటి రికార్డులో జబ్బు రాసి లేకపోతే తర్వాత వచ్చింది సర్వీసు వల్లేననుకోవాలి, కాదనేవాళ్లే కారణం చూపాలి. 2013 ధరమ్‌వీర్ సింగ్ తీర్పు అది. ఒక్క లైను కారణం కాదు. బీపీ మొదట బయటపడ్డప్పుడు ఆయన పోస్టింగ్ ఎక్కడ?

అల్వాల్ అమ్మాయి:
పీస్ స్టేషన్ (సరిహద్దుకు దూరంగా, ప్రశాంతంగా ఉండే చోటు) అని రాశారు. కానీ అంతకుముందు రెండేళ్లు లేహ్‌లోనే ఉన్నారు.

మాజీ నాయక్:
అప్పీల్‌లో ముందు ఆ లేహ్ సంగతే రాయండి, తేదీలతో సహా. బకాయిలు మాత్రం చాలా కేసుల్లో, కేసు వేయడానికి ముందు మూడేళ్లకే ఇచ్చారు, 2008 తర్సేమ్ సింగ్ తీర్పు చూపించి. ఇంక ఆలస్యం చేయొద్దు.

అల్వాల్ అమ్మాయి:
సరే సార్, థాంక్స్. నాన్నను పోస్టింగులన్నీ వరసగా రాయమని కూర్చోబెట్టాను.

మల్కాజ్‌గిరి:
మా బాబాయి నేవీ, చెవులు సరిగ్గా వినపడవు. ఆయనకూ ఇదే దారా? ఎవరైనా చెప్పండి.