నల్ల వెల్వెట్ తెరలు కట్టాక మాట వెనక వరసలకు అందడం లేదు

నాటకప్రియ:
మా నాటకానికి ఇంతకుముందు ప్లైవుడ్ ఫ్లాట్లతో (చట్రానికి బిగించి గోడల్లా నిలబెట్టే పలకలు) మూడు గోడల ఇల్లు సెట్ ఉండేది. ఈసారి దర్శకుడు అది తీసేసి చుట్టూ నల్ల వెల్వెట్ తెరలు కట్టించారు. చూడటానికి ఎంతో బాగుంది. హాలు అదే, నటులు వాళ్లే, మైకులు అప్పుడూ లేవు, ఇప్పుడూ లేవు. కానీ వెనక వరసల్లో కూర్చుంటే గొంతు వినిపిస్తోంది, మాట తెలియడం లేదు. నటులు అరవడం మొదలుపెట్టారు, అదే నా టెన్షన్. సెట్‌కు వాడే సరుకు వల్ల ఇంత తేడా వస్తుందా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

శబ్దలేఖ:
వస్తుందండి. చదరపు మీటరుకు 600 గ్రాముల బరువుండే వెల్వెట్‌ను నిండా కుచ్చులు పెట్టి కడితే, 1000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దగ్గర తన మీద పడిన శబ్దంలో సుమారు 70 శాతం మింగేస్తుంది. కింది స్వరాలుండే 125 హెర్ట్జ్ దగ్గర 14 శాతమే. అంటే గొంతులోని బరువు అలాగే మిగులుతుంది, స, ష, త, క లాంటి హల్లుల పదును పోతుంది. అరిచినా పెద్ద లాభం ఉండదు, అరిచినప్పుడు ఎక్కువగా పెరిగేది అచ్చుల బలమే. నటుల గొంతులు పాడవకముందే ఆపించండి.

పాత సెట్‌లో గోడలు చేసిన మేలు ఇంకొకటి ఉంది. నేరుగా వచ్చిన మాట వెంట 50 మిల్లీసెకన్ల లోపు గోడకు తగిలి వచ్చిన శబ్దాన్ని చెవి విడిగా వినదు, అసలు మాటతో కలిపేసుకుంటుంది. మాట బలంగా అనిపిస్తుంది. ఆ వ్యవధిలో శబ్దం సుమారు 17 మీటర్లు వెళ్తుంది. నటుడికి 4 మీటర్ల వెనక గోడ ఉంటే అదనపు దూరం 8 మీటర్లే కాబట్టి అదంతా లాభమే. వెల్వెట్ కట్టాక ఆ సాయం పోయింది.

సెట్‌మేస్త్రి:
ప్లైవుడ్ అన్నా అన్నీ ఒకటి కాదు. పలచని షీటు వెనక బద్దలు దూరదూరంగా కొడితే షీటు తనే ఊగి కింది స్వరాలను తినేస్తుంది. గొంతు పీలగా వినిపిస్తుంది. బద్దలు దగ్గరగా కొడితే ఆ ఊగడం తగ్గుతుంది. గుడ్డ ఫ్లాటుకు రంగు దట్టంగా పూస్తే నేత కన్నాలు మూసుకుని పై స్వరాలు కొంత వెనక్కి వస్తాయి, కింది స్వరాలు మాత్రం దాన్ని దాటి వెనక్కి వెళ్లిపోతాయి.

చాలామంది పొరపడేది థర్మోకోల్ విషయంలో. మెత్తగా ఉంది కదా, శబ్దం పీలుస్తుందని అనుకుంటారు. దాని గదులన్నీ మూసుకుని ఉంటాయి, గాలి లోపలికి పోదు, పీల్చేది చాలా తక్కువ. థర్మోకోల్ బండలు పెట్టినందువల్ల మీ మాట పోదు.

ఆలాపన:
నేను మైకు లేకుండా పాడతాను. వెనక గోడ కంటే నాకు భయం వేసేది పైకప్పు లేని సెట్ చూస్తే. తెరలు పైకి లాగే ఆ ఎత్తైన ఖాళీలోకి వెళ్లిన గొంతు మళ్లీ రాదు. సెట్‌లో ఇంటి కప్పు ముక్క ఒక్కటి ప్రేక్షకుల వైపు వాలుగా ఉన్నా పాడటం ఎంత తేలికవుతుందో!

ఇంకొకటి, లోపలికి వంగిన గట్టి గోడ. ఒకచోట నిలబడితే నా గొంతు నాకే పెద్దగా కొట్టేది, రెండడుగులు పక్కకు జరిగితే ఏమీ లేదు. వంపు శబ్దాన్ని ఒకచోట పోగేస్తుంది.

శబ్దలేఖ:
అమెరికా భౌతిక శాస్త్రవేత్త వాలెస్ సబైన్ 1895లో హార్వర్డ్‌లో ఒక లెక్చర్ హాలు బాగుచేయడానికి పూనుకుని, శాండర్స్ థియేటర్ నుంచి సీటు మెత్తలు తెప్పించి పరుస్తూ ప్రతిధ్వని ఎంతసేపు నిలుస్తుందో కొలిచారు. మెత్తని సరుకు ఎంత పరిచామన్నదాన్ని బట్టే హాలు మారుతుందని ఆ కొలతలు చూపాయి. మీ స్టేజీ మీద జరిగిందీ అదే.

నాటకప్రియ:
దర్శకుడు నలుపు వదలనంటున్నారు. ప్లైవుడ్‌ను తెర వెనక పెడితే సరిపోతుందా?

సెట్‌మేస్త్రి:
సరిపోదు. శబ్దం తెరలోంచి పోయి, మళ్లీ తెరలోంచే రావాలి, రెండుసార్లు తింటుంది. పైగా గోడకు 10 సెంటీమీటర్లు జరిపి కట్టిన తెర 850 హెర్ట్జ్ చుట్టుపక్కల ఇంకా బాగా పీలుస్తుంది. ప్లైవుడ్‌కే మెరుపు లేని నల్లరంగు వేసి, రెండు పక్కలా నటుల దగ్గరగా, హాలు వైపు కాస్త తిప్పి నిలబెట్టండి. వెనక తెర అలాగే ఉండనివ్వండి. లైటింగ్ వాళ్లతో ముందే మాట్లాడుకోండి, వెల్వెట్ అంత నలుపు రంగుతో రాదు.

మైకువాసు:
మైకులు వాడే నాటకమైతే నేను వెల్వెట్‌నే కోరుకుంటాను. స్పీకర్ శబ్దం సెట్‌కు తగిలి మైకులోకి తిరిగి రాదు, కూత పెట్టదు.

నాటకప్రియ:
పక్కన నల్ల ఫ్లాట్లు పెట్టి రిహార్సల్ చేశాం. వెనక వరసకు హల్లులు తెలుస్తున్నాయి! అరుపులు తగ్గాయి. ఇప్పుడు మెట్ల ప్లాట్‌ఫాం మీద అడుగుల చప్పుడు మాటల మీద పడుతోంది. కార్పెట్ వేస్తే పోతుందా?

సెట్‌మేస్త్రి:
టక్కుమనేది పోతుంది, బుడుంగుమనేది ఉంటుంది. లోపల బోలుగా ఉన్న పెట్టె మద్దెలలా మోగుతుంది. పైచెక్క మందం పెంచండి, కింద అడ్డబద్దలు వేయండి, లోపల రాక్‌వూల్ (రాతితో తీసిన దూదిలాంటి నార) నింపి గుడ్డతో కప్పండి. కాళ్ల కింద రబ్బరు ముక్కలు పెట్టండి. ఫోమ్ మాత్రం కూరకండి, స్టేజీ మీద వేడి లైట్లుంటాయి, అంటుకుంటే ఆపలేం.