లవంగ నూనెతో చిగురు పొక్కింది, ఎక్కడ తప్పు చేశాను?

సైదాబాద్_వాసి:
శనివారం రాత్రి మా నాన్నకు దవడ పన్ను సలపడం మొదలైంది. ఆ వేళ డాక్టరు ఎక్కడ దొరుకుతాడని, బేగంబజార్‌లో కొన్న లవంగ నూనెలో దూది ముంచి పంటి మీద పెట్టాను. కాసేపటికి నొప్పి మొద్దుబారింది. తెల్లారేసరికి చిగురు తెల్లబడి పొక్కింది. పాపం, అన్నం ముద్ద నోట్లో పెడితే మంట అంటున్నారు.

నల్లకుంట_పళ్ళ_డాక్టరు:
నూనె మంచిదేనండీ, పలచన చేయకపోవడమే పొరపాటు. అందులో 70-90% యూజినాల్ అనే ఘాటు రసాయనమే. పలచగా ఉంటే నరాన్ని మొద్దుబారుస్తుంది, చిక్కగా తగిలితే చిగురును కాలుస్తుంది. చెంచాడు కొబ్బరి నూనెలో రెండు చుక్కలు చాలు. దూది అద్ది, పిండేసి, పుచ్చిన గుంతలోనే పెట్టాలి. మేం కూడా జింక్ ఆక్సైడ్ పొడిని యూజినాల్‌తో కలిపి తాత్కాలికంగా పన్ను నింపుతాం. పళ్ళ ఆసుపత్రిలో అడుగుపెట్టగానే వచ్చే ఆ వాసన దానిదే. నాన్నగారిని రేపే చూపించండి. నొప్పి తగ్గినా లోపల పుచ్చు అట్లాగే ఉంటుంది. రక్తం పలచబడే మాత్రలు వేసుకుంటుంటే ఆ సంగతి ముందే చెప్పండి.

రాంనగర్_అత్తమ్మ:
బిడ్డా, ఇంట్ల చిన్నపిల్లలుంటే సీసా అందకుండ పెట్టు. ఒకటి రెండు చెంచాలు మింగినా పిల్లల కాలేయం దెబ్బతింటది. పంటినొప్పి అని పసిపిల్లల నోట్ల అస్సలు పెట్టొద్దు. మాకు మా అమ్మ నూనె కాదు, లవంగమే పంటికింద పెట్టి మెల్లగ నమలమనేది. నేనిప్పటికీ గదే చేస్త.

మసాలా_దుకాణం_సికింద్రాబాద్:
అన్నా, సీసా మీద మొగ్గ నూనె అని ఉందా, ఆకు నూనె అని ఉందా చూడు. ఆకు, కాడల నూనె చౌక. లవంగం అంటే విచ్చుకోని పువ్వు మొగ్గ. ఎర్రబడే దశలో చేత్తో కోసి ఎండబెడతారు, ఆవిరి పట్టి నూనె తీస్తారు. పుట్టిల్లు ఇండోనేషియాలోని మలుకు దీవులు: టెర్నాటే, టిడోరే. డచ్చి వాళ్ళు ధర పడిపోకూడదని తమ అధీనంలో లేని చోట చెట్లు నరికించారు. 1770 ప్రాంతంలో పియెర్ పోయివ్ర్ అనే ఫ్రెంచి అధికారి పూనికతో మొక్కలు మారిషస్ చేరాయి, తర్వాత జాంజిబార్ లవంగాల దీవి అయిపోయింది. మన దగ్గర కన్యాకుమారి లవంగానికి 2021లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఒక్క సంగతి మాత్రం మనసులో పెట్టుకోండి. నూనె పిండేసిన లవంగాలూ బజారులో కలుస్తాయి. గ్లాసు నీళ్ళలో వేస్తే మంచిది మునుగుతుంది, లేదా తల పైకి పెట్టి నిలబడుతుంది. సారం పోయింది అడ్డంగా తేలుతుంది. బిర్యానీకి రుచి రావడం లేదని చాలామంది బియ్యాన్ని అంటారు, నేనైతే ముందు లవంగాన్ని చూస్తాను.

కూకట్‌పల్లి_శారద:
నూనెను థర్మోకోల్ కప్పులో పోయకండి. నేను పోస్తే అడుగు కరిగి బల్లంతా అయింది. ముదురు రంగు గాజు సీసానే మేలు.

సైదాబాద్_వాసి:
డాక్టరమ్మా, పొద్దున్నే తీసుకెళ్ళాను. పన్ను లోపల చీము పట్టిందట, రూట్ కెనాల్ మొదలుపెట్టారు. చిగురుకు ఉప్పునీళ్ళతో పుక్కిలించమన్నారు. దుకాణం అన్నా, ఇంట్లో ఉన్న లవంగాలు నీళ్ళలో వేశాను. ఇరవైలో పదమూడు అడ్డంగా తేలాయి. ఈసారి తెచ్చేముందు నీ దగ్గరికే వస్తాను.