సంపు మోటార్ కంట్రోలర్‌కి సర్జ్ ప్రొటెక్షన్: ఎమ్‌ఓవీ 275దా, 385దా?

సంపు_బోర్డు
అపార్ట్‌మెంట్ల సంపు మోటార్‌కి ఆటోమేటిక్ కంట్రోలర్ చేస్తున్నా. 230 వోల్టులు, లోపల 5 వాట్ల ఎస్‌ఎమ్‌పీఎస్ (బోర్డుకి డీసీ ఇచ్చే పవర్ సప్లై), రిలేతో కాంటాక్టర్ (మోటార్‌ని ఆన్, ఆఫ్ చేసే పెద్ద స్విచ్). మూడు డౌట్లు: ఎమ్‌ఓవీ (వోల్టేజ్ పోటుని మింగే ముక్క) ఏ వోల్టేజ్ రేటింగ్? ఎర్త్ లేని బిల్డింగుల్లో ఎట్లా? పై ట్యాంకు నుంచి దిగే 25 మీటర్ల సెన్సార్ వైరు సంగతేంటి? ఎండాకాలం గాలివానలు మొదలయ్యేలోపు బోర్డు ఫైనల్ కావాలి.

ఉప్పల్_వైండర్
14డి431 పెట్టెయ్. 275 వోల్టుల రేటింగ్, 50 ఆంపియర్ల పల్స్‌కి 710 దగ్గర ఆపుతుంది. 385ది, అంటే 14డి621 పెడితే 1025 దాకా వదిలేస్తుంది. ఇక పెట్టి ఏం లాభం?

లైన్‌_మీద_ఉన్నా
అన్నా, న్యూట్రల్ తెగిన రోజు నీ 275ది నిమిషాల్లో బొగ్గయితది. బస్తీల్ల, కాలనీల్ల రోజూ చూసేదే గిది. 385 పెట్టాలె, అంతే.

ఉప్పల్_వైండర్
న్యూట్రల్ తెగడానికీ సర్జ్‌కీ తేడా తెలియకుండా సలహాలివ్వకండి.

లైన్‌_మీద_ఉన్నా
తెలిసే చెప్తున్న. డబ్బా కాలినంక తేడా ఏం చూస్తవ్?

టెస్ట్‌బెంచ్
సర్జ్ జనరేటర్ మీద పవర్ సప్లైలు పరీక్షించడమే నా పని. ఇద్దరూ సగమే చెప్తున్నారు. న్యూట్రల్ తెగితే లోడు తక్కువున్న ఫేజు మీద 400 దగ్గరికి వస్తుంది, అప్పుడు 385ది కూడా పోతుంది. ఎమ్‌ఓవీ ఉన్నది మైక్రోసెకన్ల పోటుకి. గంటల తరబడి ఉండే ఓవర్‌వోల్టేజ్‌కి వేరే కటాఫ్ రిలే ఉండాలి. పోతే పోనీ, నిప్పు లేకుండా పోవాలి. అందుకే ఎమ్‌ఓవీని ఆనించి థర్మల్ ఫ్యూజు పెట్టండి, ఎమ్‌ఓవీ కరెంటు దానిగుండానే వెళ్లాలి. రెండూ కలిపి ఒకే ముక్కగా కూడా దొరుకుతాయి.

ఇక లెక్క. ఎమ్‌ఓవీ తర్వాత 10 ఓమ్‌ల వైర్‌వౌండ్ ఫ్యూజిబుల్ రెసిస్టర్, బ్రిడ్జి (ఏసీని డీసీ చేసే డయోడ్లు) తర్వాత 10 మైక్రోఫారడ్ల కెపాసిటర్ అనుకోండి. 710లోంచి 230 వోల్టుల మెయిన్స్ పీక్ 325 తీస్తే 385. అంటే 38 ఆంపియర్లు, 20 మైక్రోసెకన్లకి కెపాసిటర్ మీద 77 వోల్టులు పెరుగుతుంది, మొత్తం 402. 385 రేటింగ్‌దైతే 465, మీ 400 వోల్టుల కెపాసిటర్‌కి అది ఎక్కువ. నడిమధ్య 14డి511 తీసుకోండి: 320 వోల్టుల రేటింగ్, క్లాంప్ (పోటుని ఆపే వోల్టేజ్) 845. కెపాసిటర్ 22 మైక్రోఫారడ్లు చేస్తే 372 దగ్గరే ఆగుతుంది.

లైన్‌_మీద_ఉన్నా
320 అంటే ఒప్పుకుంట. గ్లాసు ఫ్యూజు మాత్రం పెట్టకు తమ్మీ. చిన్న గ్లాసు ఫ్యూజు తెంచగలిగేది 35 ఆంపియర్లు, లేకపోతే దాని రేటింగ్‌కి పదింతలు. ఎమ్‌ఓవీ షార్టయితే వందల ఆంపియర్లు వస్తయ్, గ్లాసు పగిలి లోపలే ఆర్క్ నిలబడ్తది. 1500 ఆంపియర్లు తెంచే సిరామిక్‌ది, స్లో బ్లో తీస్కో.

ఉప్పల్_వైండర్
రేటింగ్ కూడా చెప్పాలిగా. 1 కిలోఆంపియర్ 8/20 పల్స్‌కి (8 మైక్రోసెకన్లలో లేచి 20కి సగమయ్యే పోటు) ఐ స్క్వేర్ టీ, అంటే ఫ్యూజుని వేడెక్కించే లెక్క, 10 పైనే వస్తుంది. డేటాషీట్‌లో దానికి రెట్టింపైనా లేని ఫ్యూజు మొదటి పిడుగుకే పోతుంది, బోర్డు బాగానే ఉన్నా మోటార్ ఆగిపోతుంది.

గుజరాతీ_గల్లీ
కోఠిలో విడి ముక్కలు కొనేవాళ్లు ముందు పరీక్షించుకోండి. 1000 వోల్టుల మెగ్గర్ (ఇన్సులేషన్ పరీక్షించే మీటరు) పెట్టి, మల్టీమీటర్‌ని 1000 వోల్టుల డీసీ రేంజిలో ఎమ్‌ఓవీకి సమాంతరంగా కలపండి. 511కి 460, 560 మధ్య రావాలి. 460 కన్నా దిగితే పాత సరుకో, దెబ్బ తిన్నదో. మరి బిల్డింగ్ మెయిన్ బోర్డులో ఎస్‌పీడీ (మొత్తం లైనుకి సర్జ్ ఆపే డబ్బా) పెట్టే ఆలోచన లేదా?

టెస్ట్‌బెంచ్
పెడితే మంచిదే, వైరు పొడవు చూసుకోవాలి. మీటరు వైరుకి దాదాపు ఒక మైక్రోహెన్రీ. 10 కిలోఆంపియర్లు 8 మైక్రోసెకన్లలో లేస్తే ఆ మీటరు మీదే వెయ్యి వోల్టులు దాటుతుంది. రెండు వైపులా కలిపి అర మీటరు మించనివ్వకండి.

సంపు_బోర్డు
ఎర్త్, సెన్సార్ వైరు గురించి ఎవరూ మాట్లాడలేదు.

టెస్ట్‌బెంచ్
ఫేజు నుంచి ఎర్త్‌కి ఒట్టి ఎమ్‌ఓవీ ఎప్పుడూ వద్దు. అది షార్టయి, బిల్డింగ్‌లో ఎర్త్ లేకపోతే డబ్బా బాడీ మీదికి ఫేజు వస్తుంది, ముట్టుకున్న మనిషి పోతాడు. ఎర్త్ దారిలో ఎమ్‌ఓవీతో సిరీస్‌లో గ్యాస్ ట్యూబు (పోటు వచ్చినప్పుడే వెలిగి కరెంటు వదిలే గొట్టం) ఉండాలి. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య మాత్రం గ్యాస్ ట్యూబు ఒంటరిగా పెట్టకండి. ఒకసారి వెలిగితే పట్టుమని 20 వోల్టుల దగ్గరే నిలబడి కరెంటు లాగుతూనే ఉంటుంది. ఎర్త్ మీద నమ్మకం లేకపోతే ప్లాస్టిక్ డబ్బా, డబుల్ ఇన్సులేషన్, ఎర్త్ దారిలో ఏమీ లేకుండా చేయండి.

లైన్‌_మీద_ఉన్నా
సెన్సార్ వైరు నే చెప్త. ఆ నీళ్లల్ల జనం చేతులు పెడ్తరు, గందుకే సెన్సార్ వైపు మెయిన్స్ నుంచి పూర్తిగ ఐసొలేట్ కావాలె. బోర్డు మీద 8 మిల్లీమీటర్లన్న ఎడం, ఆప్టో (వెలుతురుతో సిగ్నల్ దాటించే ముక్క) కింద స్లాట్ కొయ్యి. రెండు వైపులా కలిపే కెపాసిటర్ వై1ది (సేఫ్టీ రేటింగ్ రకం) మాత్రమే ఉండాలె, ఆ ఐసొలేషన్ గీత మీద ఎమ్‌ఓవీ అస్సలొద్దు. ప్రతి వైరుకి 1 కిలో ఓమ్ కార్బన్ కాంపొజిషన్ రెసిస్టర్, దాని తర్వాత సెన్సార్ గ్రౌండ్‌కి టీవీఎస్ (పోటుని ఆపే డయోడ్). మోటార్ కేబుల్ పోయే పైపులనే సెన్సార్ వైరు దింపకు, వేరే పైపు వెయ్యి.