ముదురు ఆకులు గట్టిగానో ముద్దగానో అవుతున్నాయి, ఉత్తగా వండేవాళ్లు ఎలా చేస్తున్నారు?

కొత్తవంటిల్లు: కేల్, ఆవాకు, ముల్లంగి ఆకు, బీట్‌రూట్ ఆకు, ఇలా కాస్త దళసరిగా ఉండేవన్నీ తరచుగా వండుతుంటాను. ఇంకే కూరలోనూ కలపకుండా ఉత్త ఆకు, నూనె, వెల్లుల్లి, ఉప్పు, అంతే, పక్కన వేసుకుని తినేలా ఉండాలి. ఆకు మెత్తబడేసరికి రంగు పోయి మట్టిరంగుకి తిరుగుతోంది, పచ్చగా ఉన్నప్పుడే దించితే కాడ పీచులా పంటికింద నలగదు. ముందు ఉడకబెట్టి నీళ్లు పారబోయాలా, నేరుగా మూకుట్లో వేయాలా? మీరు ఇంట్లో నిజంగా చేసేదే చెప్పండి.

కాడముందు: మొదట కాడనీ ఆకునీ విడదీయండి, మీ సమస్యలో సగం అక్కడే ఉంది. రెండూ ఒకే టైమ్‌లో ఉడికేవి కావు. ఆకుని మధ్యకి మడిచి ఈనె పట్టుకుని ఒక్క లాగు లాగితే కాడ చేతికొస్తుంది, కత్తితో పనే లేదు. కాడల్ని వేలి గోరంత ముక్కలుగా తరిగి ముందు నూనెలో వేయండి, చిటికెడు ఉప్పు, రెండు చెంచాల నీళ్లు, మూత. నాలుగైదు నిమిషాల్లో ముక్క గరిటెతో నొక్కితే లొంగుతుంది, అప్పుడు ఆకు వేయాలి. చాలామంది కాడలు పారేస్తారు, నాకు మాత్రం బీట్‌రూట్ ఆకులో కాడే ఇష్టం, తియ్యగా ఉంటుంది. కేల్ కాడ మరీ చెక్కలా ముదిరితే మటుకు తీసేయడమే, ఎంత ఉడికించినా పీచు పోదు.

పచ్చగా: రంగు సంగతి నేను చెప్తాను. ఆకు వేడి తగలగానే ముందు ఇంకా పచ్చగా మెరుస్తుంది, లోపలి సందుల్లో ఉన్న గాలి బయటికి పోవడం వల్ల. ఆ తర్వాత వేడికి, ఆకులోనే ఉన్న పులుపుకి పత్రహరితం మధ్యలో ఉండే మెగ్నీషియం ఊడిపోతుంది, అప్పుడే ఆ మట్టిరంగు వస్తుంది. మూత పెడితే ఆవిరితో పోవాల్సిన పులుపు మళ్లీ గిన్నెలోకే దిగుతుంది. అందుకని ఆకు వేశాక మూత తీసేయండి, మంట పెద్దది చేయండి, 5 నుంచి 7 నిమిషాల లోపే దించేయండి. నిమ్మరసం పిండాలంటే దించాక, కంచంలో వేసుకునే ముందు. పొయ్యి మీదుండగా పిండితే కళ్లముందే రంగు మారిపోతుంది. రంగు కోసం వంటసోడా వేయమని ఎవరైనా చెబితే వినకండి, పచ్చగా ఉంటుంది నిజమే కానీ ఆకు జావలా అయిపోతుంది, సి విటమిన్, బి1 కూడా దెబ్బతింటాయి.

నెమ్మదిమంట: పచ్చగా గారూ, లేత ఆకుకి మీరు చెప్పింది సరే. బాగా ముదిరిన కొలార్డ్ (క్యాబేజీ జాతి దళసరి ఆకు), ముదురు ఆవాకు 7 నిమిషాల్లో ఎక్కడ ఉడుకుతాయండీ? వాటికి మూత పెట్టి, ఆకు మునిగీ మునగనట్టు నీళ్లు పోసి, సన్నని సెగ మీద ముప్పావు గంటైనా మగ్గనివ్వాలి. రంగు పోతుంది, పోనివ్వండి. ఆకు వెన్నలా అవుతుంది, ఘాటు దిగి కమ్మదనం వస్తుంది. ఆఖర్లో మూత తీసి అడుగున ఉన్న నీళ్లు ఇగరనిస్తే ఆ రసమంతా మళ్లీ ఆకుకే పడుతుంది, ఒక్క చుక్క పారబోయను. రంగు చూసి రుచిని తీర్పు చెప్పడం నాకు నచ్చదు. అయితే సగంలో ఆగకూడదు. ఈ క్యాబేజీ జాతి ఆకులు అటు చప్పున అయిపోవాలి, లేదంటే పూర్తిగా మగ్గాలి, మధ్యలో దించితే గంధకం వాసనా మిగులుతుంది, గట్టిదనమూ మిగులుతుంది.

పచ్చగా: ముదురు కొలార్డ్ విషయంలో ఒప్పుకుంటున్నాను. కేల్‌కి మాత్రం నా పద్ధతే.

రెండుగిన్నెలు: ఉడకబెట్టి వార్చాలా అని అడిగారు కదా, అది ఏ ఆకో చూసి తేల్చుకోవాలి. ఆవాకు, ముల్లంగి ఆకు ఘాటుగా చేదుగా ఉంటాయి, ఆ చేదు నీళ్లలోకి దిగేదే కాబట్టి పెద్ద గిన్నెలో మరిగే ఉప్పునీళ్లలో రెండు నిమిషాలుంచి తీస్తే బాగా తగ్గుతుంది. పాలకూర, చార్డ్ (బీట్‌రూట్ జాతి ఆకుకూర), బీట్‌రూట్ ఆకు తిన్నాక పళ్లు గరగరలాడతాయి చూడండి, అది వాటిలో ఉండే ఆక్సలేట్ అనే పదార్థం వల్ల. వాటిని ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే అందులో చాలా భాగం పోతుంది, కిడ్నీలో రాళ్లు వచ్చినవాళ్లకి ఇది అవసరం. కేల్‌లో ఆక్సలేట్ తక్కువ, దాన్ని వార్చక్కర్లేదు, ఊరికే సి విటమిన్, ఫోలేట్ నీళ్లలో పోతాయి. వార్చిన ఆకుని చన్నీళ్లలో వేసి రెండు చేతులతో గట్టిగా పిండాలి, ఇది వదిలేయకండి, పిండని ఆకు మూకుట్లో వేస్తే వేగదు, తన నీళ్లలో తనే మళ్లీ ఉడుకుతుంది.

ఇసుకలేకుండా: కడగడం గురించి ఎవరూ ఎత్తలేదు. చిల్లుల గిన్నెలో వేసి పైనుంచి నీళ్లు పడితే మడతల్లో ఇసుక అలాగే ఉంటుంది, గిరజాల కేల్ అయితే మరీనూ. లోతైన గిన్నె నిండా నీళ్లు పోసి ఆకు ముంచి కదపండి, కాసేపు వదిలేస్తే మట్టి అడుక్కి దిగుతుంది, తర్వాత ఆకుని చేత్తో పైకి తీయాలి. గిన్నె వంచి నీళ్లు పారబోస్తే దిగిన మట్టి మళ్లీ ఆకు మీదకే వస్తుంది. అడుగున వేలితో రాస్తే ఇసుక తగలనంత వరకూ నీళ్లు మార్చాలి.

కాడముందు: ఉప్పు కూడా. పచ్చి ఆకు కుప్ప చూసి ఉప్పు వేస్తే ఉడికి గుప్పెడయ్యాక నోట్లో పెట్టలేం. ఆకు కూలబడ్డాక రుచి చూసి వేసుకోండి. వెల్లుల్లిని కాగిన నూనెలో వేయకండి, చల్లటి నూనెలో వేసి సన్నని మంట మీద పెట్టి, అంచులు బంగారు రంగుకి రాకముందే ఆకు వేసేయాలి. నల్లబడిన వెల్లుల్లి చేదు, ఆకు చేదు రెండూ కలిస్తే ఇక తినలేం. నూనె మరీ తగ్గించకండి, ఈ ఆకుల్లోని కెరోటిన్, కె విటమిన్ ఒంటికి పట్టాలంటే కొంచెం కొవ్వు ఉండాలి.

మందులవేళ: కె విటమిన్ మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పాలి. ఇంట్లో ఎవరైనా రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతుంటే ఈ ఆకుల్ని ఒక వారం రోజూ పెట్టి, మరో వారం పూర్తిగా మానేయడం మంచిది కాదు, మందు పనితీరు మారిపోతుంది. మానేయమని కాదు, తినే మోతాదు రోజూ ఇంచుమించు ఒకేలా ఉండాలి, కొత్తగా మొదలుపెట్టేటప్పుడు డాక్టర్‌కి చెప్పి మొదలుపెట్టండి. మా ఇంట్లో ఇలాగే నడుస్తోంది, టెన్షన్ లేదు.

కొత్తవంటిల్లు: అందరికీ థాంక్స్ అండీ. ఈరోజు బీట్‌రూట్ ఆకుతో చేశాను. కాడలు ముందు వేసి, ఆకుని వేడినీళ్లలో ముంచి పిండి, విడిగా దులిపి మూకుట్లో వేస్తే నిజంగానే చిటపటమని వేగింది, ఎప్పుడూ వచ్చే ఆ నీళ్ల బుడగల చప్పుడే లేదు. కాడల ఎర్రరంగు నూనెలోకి దిగి ఆకు అంచులకి పట్టింది. నిమ్మకాయ కంచంలోనే పిండాను. కేల్‌ని పచ్చగా గారు చెప్పినట్టు, ముదురు ఆవాకుని నెమ్మదిమంట గారి లెక్కన చేస్తాను. ఎక్కువ చేసి ఉంచుకోవచ్చా, మర్నాటికి రుచి పోతుందా?

రెండుగిన్నెలు: ఉంచుకోవచ్చు. వార్చి పిండిన ఆకుని ముద్దలుగా చేసి మూత డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి, వండిన రెండు గంటల లోపే లోపలికి వెళ్లిపోవాలి, మూడు రోజులు బాగుంటుంది. తినేముందు ముద్ద విడదీసి వెల్లుల్లి నూనెలో ఒక్క నిమిషం తిప్పితే చాలు. నిమ్మరసం కలిపినది మాత్రం దాచకండి.